శ్రుతిని చప్పుడనుకున్న చెవి



మా పిన్ని విజయనగరంలో వీణ పాఠాలు చెబుతుంది. ఏళ్ల తరబడి వసారాలో చాప పరిచి చెప్పిన పాఠాలు 2020లో, ఆ కరోనా రోజుల్లో, ఫోనులోకి వెళ్లాయి. కరోనా పోయినా ఫోను పాఠాలు పోలేదు. ఇప్పుడు తెల్లవారి ఆరున్నరకి ఆవిడ వీణ ముందు కూర్చునేసరికి అమెరికాలోని డాలస్‌లో ముందురోజు రాత్రి భోజనాల వేళ అవుతుంది. ఒకరోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. అటునుంచి పదేళ్ల పాప అడిగింది: "టీచర్, ఇవాళ తంబూరా పెట్టలేదా?"

పిన్ని మోకాలి పక్కనే ఎలక్ట్రానిక్ తంబూరా మోగుతోంది. గది నిండా శ్రుతి. పిన్ని దాన్ని ఆపి మళ్లీ పెట్టింది. "ఆఁ, వచ్చింది" అంది పాప. ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టేలోగానే "మళ్లీ పోయింది టీచర్" అంది. పిన్ని నావైపు తిరిగి, "ఒరే, వీణ వినపడుతోందట, శ్రుతి వినపడటం లేదట. ఇదేం చోద్యంరా!" అంది.

ఆ చోద్యం ఎందుకు జరిగిందో, దాన్ని సరిచేయబోయి ఫోనుకీ వీణకీ మధ్య ఒక చిన్న పెట్టెను తెచ్చి పెట్టాక నేను నేర్చుకున్నదేమిటో ఇవాళ మీతో చెప్పుకుంటాను. ఇంట్లో పాడుకునేవాళ్లు, హార్మోనియం పెట్టెతో భజనలు చేసుకునేవాళ్లు, వయొలిన్ సాధన చేసే పిల్లలు, అందరిళ్లలోనూ ఈ అవసరం ఉంది.

ఫోనుకున్న చెవి మాట వినడానికి తయారైంది. బస్టాండులో నిలబడి మాట్లాడినా అవతలివాళ్లకి మన మాటే చేరాలి, ఇంజన్ల రొద చేరకూడదు. అందుకని చాలా ఫోన్లకి అడుగున ఒక మైకు, పైన ఇంకో మైకు ఉంటాయి. వచ్చిన ధ్వనిలో ఏది మాట, ఏది రొద అని తేల్చడానికి ఫోను లోపల నడిచే లెక్క ఒక గుర్తు పట్టుకుంటుంది. మాట తెగుతూ ఆగుతూ, లేస్తూ పడుతూ వస్తుంది. ఫ్యాను హోరు ఒకే తీరున సాగుతుంది. కాబట్టి మారకుండా సాగేదేదో అది రొద, తీసెయ్యి. మాటకైతే ఈ లెక్క చక్కగా పనిచేస్తుంది. కానీ తంబూరా గొప్పంతా ఆగకపోవడంలో, మారకపోవడంలోనే ఉంది. పాట అంతా దేనిమీద నిలబడిందో ఆ షడ్జమ పంచమాలని ఫోను రెండు మూడు సెకన్లు విని, ఫ్యాను కాబోలనుకుని తుడిచేస్తోంది.

వీణకి జరిగే అన్యాయం ఇంకో రకంది. పిన్నిది బొబ్బిలి వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి చేసింది. మీటగానే నాదం ఒక్కసారి లేస్తుంది, ఆ తర్వాత నెమ్మదిగా సన్నబడుతుంది. వైణికుల పనితనమంతా ఆ సన్నబడే నాదంలోనే. తీగను మెట్టు మీద పక్కకి లాగి, ఒక్క మీటుతోనే రెండు మూడు స్వరాలు పలికించి, మళ్లీ వెనక్కి తెచ్చి వదులుతారు. చివరి స్వరం వచ్చేసరికి నాదం దారమంత అయిపోతుంది. ఫోను రికార్డింగులో చాలాచోట్ల ధ్వనిని సమం చేసే ఏర్పాటు ఒకటి దానంతటదే నడుస్తుంది. పెద్ద ధ్వనిని తొక్కిపెడుతుంది, చిన్న ధ్వనిని పైకి లాగుతుంది. మీటుని తొక్కేసి, సన్నబడే నాదంతో పాటు గదిలోని హోరునీ పైకి లేపుతుంది. లేదా ఆ దారాన్ని కూడా రొదలో కలిపి కోసేస్తుంది. రెండింటిలో ఏది జరిగినా గమకం పోతుంది. "నేను లాగిన చోటు పిల్లకి చేరకపోతే ఇంక నేనేం నేర్పుతున్నట్టురా" అని పిన్ని బాధపడింది. ఆ మాట నన్ను నిలవనివ్వలేదు.

అందుకు తెచ్చిన పెట్టె పేరు ఆడియో ఇంటర్‌ఫేస్. షాపుల్లో సౌండ్ కార్డు అని అడిగినా ఇస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక. చప్పట్లు, నవ్వులు మోగించే రంగురంగుల మీటలతో సౌండ్ కార్డులని కొన్ని అమ్ముతారు. నేను చెప్పేది వాటి గురించి కాదు. మన పెట్టె చూడ్డానికి అరచేతి మీద పట్టేంతే ఉంటుంది. ముందువైపు మైకు వైరు గుచ్చే రంధ్రం, వాల్యూమ్ తిప్పే ఒకటి రెండు బిరడాలు, ఇయర్‌ఫోను రంధ్రం, వెనకవైపు యూఎస్‌బీ. లోపల మూడు పనులు జరుగుతాయి. మైకు నుంచి వచ్చే అతి బలహీనమైన విద్యుత్తును పెంచడం మొదటిది. దాన్ని సెకనుకి 48,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చి ఫోనుకి పంపడం రెండోది. ఫోను నుంచి తిరిగొచ్చే అంకెల్ని ధ్వనిగా మార్చి ఇయర్‌ఫోనుకి ఇవ్వడం మూడోది. మాటేది రొదేది అన్న విచారణ దానికి లేదు. తీగ ఏం పలికితే అదే కొలుస్తుంది.

కొనేటప్పుడు ఒక్క మాట గట్టిగా అడగండి: ఇది క్లాస్ కంప్లయంటేనా అని. యూఎస్‌బీ ద్వారా ధ్వనిని పంపడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతి పాటించే పెట్టెకి వేరే డ్రైవరు సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. కంప్యూటరులో అయితే కంపెనీవాళ్ల డ్రైవరు దించుకోవచ్చు, ఫోనులో ఆ వీలు లేదు. ఆండ్రాయిడ్‌లో ఈ పద్ధతికి చోటు దొరికింది 2014లో వచ్చిన అయిదో వెర్షన్‌తో. అంతకుముందు ఫోను దీన్ని పట్టించుకునేది కాదు. కొందరు యాప్ తయారీదార్లు పట్టుబట్టి తమ సొంత డ్రైవర్లు రాసుకున్నారు. ఐఫోన్లలో 2023లో వచ్చిన పదిహేనో శ్రేణి నుంచి టైప్-సీ రంధ్రమే ఉంది కనుక మామూలు వైరుతో కలుస్తుంది. అంతకన్నా పాత వాటికి యాపిల్ వాళ్ల కెమెరా అడాప్టరు మధ్యలో కావాలి.

పెట్టె తెచ్చిన రోజున సాయంత్రమంతా మాకు ఒక్క స్వరమూ చేరలేదు. ఎక్కడెక్కడ ఆగామో చెబుతాను, మీ ఇంట్లో కూడా అక్కడే ఆగే అవకాశం ఎక్కువ.

మొదటిది వైరు. పెట్టెలో దీపం వెలిగింది, ఫోనులో ఉలుకూ పలుకూ లేదు. నేను వాడింది ఒక చవక చార్జింగ్ వైరు. యూఎస్‌బీ వైరులో కరెంటు తీగలు వేరు, సమాచారం మోసే తీగలు వేరు. కొన్ని చవక వైర్లలో సమాచారం తీగలు అసలు వెయ్యరు. పైకి రెండూ ఒకేలా కనపడతాయి. ఆ వైరుతో ఫోనులోని ఫొటోలు కంప్యూటరుకి వెళ్తున్నాయా లేదా చూస్తే తేలిపోతుంది.

రెండోది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రోజూ చార్జరుకి గుచ్చేటప్పుడు ఫోను పుచ్చుకునేది. పెట్టెకి గుచ్చినప్పుడు అదే ఇచ్చేది కావాలి, ఇంటి పెద్దలాగా. తానెప్పుడు పెద్దరికం వహించాలో ఫోనుకి ఎలా తెలుస్తుంది? పాత చిన్న రంధ్రాల ఫోన్లకి ఓటీజీ అనే ముక్క వాడేవాళ్లం. యూఎస్‌బీలో తీగలు నాలుగే, కానీ ఆ ముక్కలో అయిదో పిన్ను ఒకటి ఉంటుంది. దాన్ని లోపల నేల తీగకి కలిపేస్తారు. ఫోను ఆ పిన్ను చూసి, ఓహో నేనే పెద్దననుకుంటుంది. టైప్-సీలో ఆ పని ఒక చిన్న రెసిస్టరు చేస్తుంది. పెట్టెవైపు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఫోనుకి తగలగానే అది కరెంటు వదులుతుంది. కొన్ని ఫోన్లలో మాత్రం సెట్టింగుల్లోకి వెళ్లి ఓటీజీ అని ఉన్నచోట ఆన్ చేయాలి. వాటిలో కొన్ని కాసేపు వాడకపోతే దాన్ని వాటంతటవే ఆపేస్తాయి కూడా. కాఫీ తాగి వచ్చేసరికి పెట్టె పలకడం మానేస్తే ముందు అక్కడ చూడండి.

మూడోది కరెంటు. మాకు రాత్రి తొమ్మిదింటికి పెట్టె వెలిగింది, ఫోను గుర్తుపట్టింది, పిన్ని వీణ పట్టుకుంది. నేను 48 వోల్టుల మీట నొక్కాను. దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

ఈ 48 వోల్టుల సంగతికి రేడియోతో చుట్టరికం ఉంది. మంచి కండెన్సర్ మైకులు పనిచెయ్యాలంటే వాటికి కరెంటు కావాలి. ధ్వనిని మోసుకొచ్చే ఆ రెండు తీగల మీదుగానే పెట్టె మైకుకి ఆ కరెంటు పంపుతుంది. కంటికి కనపడకుండా పోతుంది కనుక దానికి ఫాంటమ్ పవర్ అని పేరు పెట్టారు. అయితే 48 వోల్టులే ఎందుకు? 1966లో జర్మనీకి చెందిన నాయ్‌మాన్ మైకుల కంపెనీవాళ్లు నార్వే రేడియోకి కొత్త ట్రాన్సిస్టరు మైకు తయారుచేసి ఇచ్చారు. ఓస్లోలోని స్టూడియోల్లో కరెంటు పోతే వెలిగే అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దాన్నే మైకులకీ వాడేశారు. తర్వాత అదే ప్రపంచమంతటా ప్రమాణమైంది. ఓస్లో స్టూడియో దీపాల కోసం ఉన్న కరెంటు లెక్క ఇవాళ విజయనగరంలో పిన్ని వీణ ముందున్న మైకుకి చేరింది. తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మరి దీపాలెందుకు ఆరాయి? ఫోను ఇచ్చేది 5 వోల్టులు. పెట్టె దాన్ని 48కి పెంచాలి. ఆ పెంచడానికి ఫోను నుంచి మరింత కరెంటు లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పద్ధతిలో కంప్యూటరు 500 మిల్లీయాంపుల దాకా ఇస్తుంది. ఫోను తన బ్యాటరీ తాను చూసుకోవాలి కదా, ఒక హద్దు దాటితే తలుపు మూసేస్తుంది. ఐఫోను అయితే ఈ పరికరానికి కరెంటు ఎక్కువ కావాలి, కుదరదు అని రాసి చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు ఏమీ చెప్పకుండానే ఆపేస్తాయి.

దీనికి మందు, బయటి నుంచి కరెంటు తీసుకునే యూఎస్‌బీ హబ్బు. ఫోనుకీ పెట్టెకీ మధ్య దాన్ని పెట్టి, హబ్బుకి వేరే కరెంటు ఇవ్వాలి. కొన్ని కొత్త పెట్టెలకి కరెంటు కోసమే రెండో రంధ్రం ఉంటోంది, అలాంటిది దొరికితే హబ్బు గొడవ లేదు. హబ్బుకి గోడ చార్జరు కన్నా పవర్ బ్యాంకు మేలని నా అనుభవం. మేము మొదట గోడకి గుచ్చితే తీగలు ముట్టుకోకముందే ఇయర్‌ఫోనులో గుయ్యిమని సన్నటి మోత వచ్చింది. అది ఇంటి కరెంటు మోత. పవర్ బ్యాంకుకి మార్చగానే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మైకు ఆన్‌లోనే ఉందా అని పిన్నికి అనుమానం వచ్చి వేలితో తీగను ముట్టుకుంది. చెవిలో ఖణేల్‌మని పలికింది.

సగం మంది మోసపోయే చోటు ఆ తర్వాత వస్తుంది. పెట్టె వెలిగింది, యాప్ తెరిచారు, రికార్డు నొక్కారు, మీటరు లేస్తోంది. అంతా బాగానే ఉందనుకుంటారు. కానీ ఆ యాప్ ఇంకా ఫోను మైకుతోనే వింటూ ఉండవచ్చు. కనుక్కునే ఉపాయం ఒకటే. ఫోను అడుగున మైకు దగ్గర గోటితో తట్టండి. తట్టినప్పుడల్లా మీటరు లేస్తే ఫోను తన పాత చెవితోనే వింటోంది. తట్టినా లేవక, వీణ దగ్గరి మైకు మీద ఊదితే లేస్తేనే పెట్టె దారి తెరుచుకున్నట్టు. పెట్టె గుచ్చిన తర్వాతే యాప్ తెరవడం మంచిది. ముందే తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరవండి. బ్యాండ్‌ల్యాబ్, ఎఫ్ఎల్ స్టూడియో మొబైల్, ఐఫోనులో గరాజ్‌బ్యాండ్ వంటి సంగీతం యాప్‌లు వాడటం మేలు. ఫోనుతో వచ్చే మామూలు రికార్డరులో కొన్నిసార్లు ఆ సమం చేసే ఏర్పాటు తొలగించడానికి దారుండదు.

వీణకి ఏ మైకు? పిన్ని దగ్గర కచేరీలకి వాడే కాంటాక్ట్ మైకు ఉంది. రూపాయి బిళ్లంత ఉంటుంది, వీణ కుండ పైపలక మీద అతికిస్తారు. చెక్క అదురుని నేరుగా పట్టుకుంటుంది, గదిలోని కాకి అరుపూ కుక్కరు కూతా దానికి అంతగా అంటవు. దాన్ని పెట్టెలో మైకు రంధ్రానికి కాకుండా, గిటారు బొమ్మో, ఇన్‌స్ట్రుమెంట్ అన్న అక్షరాలో ఉన్నచోట గుచ్చి, పక్కన మీట ఉంటే అది నొక్కాలి. అక్కడ నిరోధం దాదాపు 10 లక్షల ఓమ్‌లు ఉంటుంది. అంత లేకపోతే ఆ బిళ్ల పంపే మంద్రస్థాయి సన్నబడిపోయి, డబ్బా మీద తీగ కట్టినట్టు మోగుతుంది. అలా గుచ్చినా అందులో ఏదో కొరత. తీగ పలుకుతుంది, వీణ పలకదు. పనస కుండలోంచి గాల్లోకి వచ్చే గంభీరనాదం ఆ బిళ్లకి అందదు. చివరికి మేము నిలబడింది ఒక చిన్న కండెన్సర్ మైకు దగ్గర. కుండకి ఎదురుగా, మూరెడు దూరంలో, పిన్ని మీటే చేతికి అడ్డం రాకుండా కాస్త పక్కనుంచి పెట్టాం. జానెడుకి తెస్తే గోటి చప్పుడు ఎక్కువైంది, రెండు మూరలకి జరిపితే గది ఎక్కువైంది. ఇది మీ గదిని బట్టి, మీ వాయిద్యాన్ని బట్టి మారుతుంది. ఓ పూట దీనికే కేటాయించండి. మిగతా సాంకేతిక విషయాలన్నీ కలిపినా దీనంత తేడా తేవు.

మైకు వాల్యూమ్ సంగతి. కొత్తవాళ్లు మీటరు ఎర్రరంగు దాకా లేపితేనే బాగా వచ్చినట్టనుకుంటారు. అంకెల రికార్డింగులో సున్నా డెసిబెల్ పైకప్పు. దాటితే నాదం పగులుతుంది, పగిలింది మళ్లీ అతకదు. గట్టిగా మీటినప్పుడు మైనస్ 12 దగ్గర ఆగేలా పెట్టుకుని, 24 బిట్లలో రికార్డు చేసుకుంటే సన్నటి గమకానికి కూడా చోటు మిగులుతుంది.

మరుసటి రోజు ఇంకో చిక్కు. ఇయర్‌ఫోను పెట్టుకుని వాయిస్తుంటే పిన్నికి తన వీణ తనకే ఆలస్యంగా వినపడింది. "నా వెనకాల ఇంకెవరో వాయిస్తున్నట్టుంది" అంది. పెట్టె నుంచి ఫోనుకి, ఫోను లోపల యాప్‌కి, మళ్లీ వెనక్కి రావడానికి సమయం పడుతుంది. ఫోను ధ్వనిని చుక్కచుక్కగా కాకుండా చెంబులతో తోడుతుంది. చెంబుకి 256 కొలతలు పడితే, సెకనుకి 48,000 లెక్కన, ఒక్కో చెంబుకీ 5 మిల్లీసెకన్లకి కాస్త పైన. అంతసేపట్లో గాలిలో ధ్వని దాదాపు ఆరడుగులు వెళ్తుంది, మంచానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా. అది మనిషికి తెలియదు. కానీ చెంబులు నాలుగైదు చేతులు మారి పెద్దవైతే ఆలస్యం 100 మిల్లీసెకన్లు అవుతుంది. 34 మీటర్లు! అంటే మీ వీణని వీధి చివర కూర్చుని వింటున్నట్టు. తాళం నిలవదు. దీన్ని ఫోనులో సరిచేయాలని తంటాలు పడక్కర్లేదు. పెట్టె మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది. అది నొక్కితే మైకు ధ్వని ఫోను దాకా పోకుండా పెట్టెలోంచే సూటిగా చెవికి వస్తుంది. యాప్‌లోంచి తిరిగొచ్చే ధ్వనిని మాత్రం ఆపేయాలి, లేకపోతే రెండూ కలిసి వినపడతాయి.

ఇప్పుడు డాలస్ పాప దగ్గరికి వద్దాం. పెట్టె పెట్టాక రికార్డింగు పూర్తిగా బాగుపడింది. కాల్స్ మాత్రం వెంటనే బాగుపడలేదు, ఇది మీకు చెప్పి తీరాలి. పెట్టె ఎంత శుభ్రంగా పంపినా, కాల్ నడిపే యాప్ తన వంతుగా మళ్లీ రొద తీసే లెక్క నడుపుతుంది. తంబూరాని అక్కడ కూడా తుడిచేస్తుంది. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే ఏర్పాటు సంగీతం వాళ్ల కోసమే పెట్టారు, సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేసుకోవాలి. అలాంటి ఏర్పాటు లేని కాలింగ్ యాప్‌తో ఎంత మంచి పెట్టె ఉన్నా లాభం లేదు. అందుకే పిన్ని ఇప్పుడు పాఠాన్ని రెండుగా విడగొట్టింది. మాటలు, తప్పులు దిద్దడం కాల్‌లో. కీర్తన మాత్రం ముందురోజు సాయంత్రం తీరిగ్గా వాయించి, రికార్డు చేసి పంపుతుంది. ఒక్క మైకుతో 24 బిట్లలో నిమిషానికి ఎనిమిదిన్నర మెగాబైట్ల పైచిలుకు అవుతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు మైకు బొమ్మ నొక్కి పంపకుండా, ఫైలుని డాక్యుమెంటుగా జత చేస్తుంది. అలా అయితే నలగకుండా చేరుతుంది.

రికార్డు చేసేముందు ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం నేర్చుకుంది, మధ్యలో ఎవరూ ఫోను చెయ్యకుండా. ఫ్యాను ఆపుతుంది. విజయనగరం ఎండాకాలంలో అది చిన్న విషయం కాదు, కొంగుతో మొహం తుడుచుకుంటూ వాయిస్తుంది. మొదటి కీర్తన పంపిన మర్నాడు పొద్దున నేను మళ్లీ అక్కడే ఉన్నాను. పాప అటునుంచి, "టీచర్, చరణంలో మీరు ఒక్కసారే మీటి మూడు స్వరాలు వాయించారు కదా, ఆ మూడోది నాకు రావడం లేదు" అంది.

పిన్ని నావైపు చూడలేదు. వీణ సర్దుకుని, "ఏదమ్మా, ఎక్కడ దాకా వచ్చిందో వాయించు" అంది.